రత్నం చేతి మందు

"లోపల డబ్బాలు సర్దుతానండి. సీసాలు కడుగుతాను. కిటికీ దగ్గర మాత్రం నన్ను నిలబెట్టకండి" అంది నూకరత్నం.

ధర్మాసుపత్రి మందుల గదిలోనే జుట్టు నెరిసినవారు ఖాదర్ మాస్టారు. పనిలేని వాళ్ళని చేరదీసి, మందులిచ్చే పని నేర్పుతున్నారు. జనపనార మిల్లు మూతపడి వీధినపడ్డవాళ్ళూ, పడవ అమ్ముకున్నవాళ్ళూ ఆయన దగ్గర చేరారు. రత్నం అంతకుముందు శవాల గదిలో పనిచేసేది. కాంట్రాక్టరు మారి ఆమెను తీసేశాడు.

ఆమె మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడింది ఆ పొద్దుటే మొదటిసారి. వరసలో ముందున్న ముసలమ్మ ఆమెను గుర్తుపట్టి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"శవాల్ని ముట్టిన చెయ్యి. పసివాడికి ఆ మందు వద్దు."

భుజం మీద మనవడు జ్వరంతో మూలుగుతున్నాడు. వెనకున్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రత్నం లోపలికి వచ్చేసి, మాస్టారితో ఆ మాట అంది.

మాస్టారు "కిటికీ దగ్గరికి పద" అని, తను బయటికి వెళ్ళి వరస చివర నిలబడ్డారు.

ఆయన్ని వెనక ఉంచి ముందుకు కదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. పక్కకి తప్పుకుని ఆయనకే దారిచ్చారు. ఆయన కిటికీ దగ్గరికొచ్చి తన చీటీ అందించారు.

"గుండె మాత్రమ్మా. ఇయ్యి."

రత్నం చీటీ చదివింది. డబ్బా తీసి చీటీతో సరిచూసింది. మళ్ళీ ఒకసారి సరిచూసింది.

"పొద్దుట ఒకటేనండి."

మాస్టారు మాత్ర అరచేతిలో వేయించుకుని అందరి ఎదుటా మింగారు.

"మీకు పట్టింపు లేదా సాయిబుగారూ?" అంది ముసలమ్మ నెమ్మదిగా.

"మా ఇంటావిడ పోయినప్పుడు నేను శవాల గదిలో నిలవలేకపోయాను తల్లీ. ముఖం తుడిచి, తల దువ్వి అప్పగించింది ఈ అమ్మాయే."

ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. రత్నం వైపు చూడలేదు.

ముసలమ్మ మనవణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని, చీటీ కిటికీలో పెట్టింది.

రత్నం కళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చింది. ముందుగా పసివాడి పేరు అడిగింది.