జోన్ మణి జోస్యం

గోదావరి ఒడ్డున ఒక బొగ్గు గనుల ఊళ్లో, కార్మికుల క్వార్టర్లలో, మణిదీప్ అనే యువకుడు ఉండేవాడు. కలిసొచ్చిన ప్రతిదాన్నీ తన తెలివేనని చెప్పుకోవడం వాడి జబ్బు. చదివిన నాలుగు ప్రశ్నలే పరీక్షలో వస్తే "నేను ముందే పసిగట్టిన" అనేవాడు. చదవనివి వస్తే పేపరు తయారుచేసినవాణ్ణి తిట్టిపోసేవాడు. ఇలాంటివాళ్లు మీ ఇంట్లోనూ ఒకరుంటారు, చూసుకోండి.

మణిదీప్ తల్లి వాడి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఓదెలు ఇరవై ఎనిమిదేళ్లు భూమి కింద బొగ్గు తవ్వాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుని, పది మెట్లు ఎక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఇక గనిలోకి దిగడానికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. అలాంటి కార్మికుడి కొడుక్కి ఉద్యోగం ఇవ్వడం ఆ గనుల్లో ఆనవాయితీ. మణిదీప్ వైద్య పరీక్షకు వెళ్లి నిలబడితే పని దొరుకుతుంది, క్వార్టరు నిలుస్తుంది, ఓదెలు ఇంటిపట్టున కూర్చుని ఉన్న నాలుగేళ్లూ ఊపిరి పీల్చుకుంటాడు. ఆ మనిషికి మిగిలిన ఆశ అదొక్కటే.

మణిదీప్ ధ్యాస మాత్రం ఫోన్లో ఉండేది. వాడు ఆడే ఆట మీకు తెలియనిదేం కాదు. వందమంది పారాషూట్లలో ఒక దీవి మీద దిగుతారు. తుపాకులు ఏరుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. దీవి మీద ఒక పెద్ద వలయం ఉంటుంది, దాన్ని జోన్ అంటారు. అది ముడుచుకుంటూ పోతుంది. దాని బయట చిక్కినవాడు చస్తాడు. చివరికి లోపల మిగిలిన జట్టు గెలుస్తుంది. అయితే ఆ జోన్ ఎటు ముడుచుకుంటుందో ముందుగా ఎవరికీ తెలియదు.

"నాకు తెలుస్తది" అనేవాడు మణిదీప్.

అలా అనడానికి ఒక కారణం ఉంది. వాడిది నలుగురి జట్టు. వాడు, వాడి స్నేహితులు ఇద్దరు, పక్క క్వార్టర్ల లైనులో ఉండే నస్రీన్. ఆ అమ్మాయి సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేసేది. దీవికి ఉత్తరాన ఒక గుట్ట, గుట్ట మీద పాడుబడ్డ పిండిమిల్లు ఉన్నాయి. గుట్టకు దక్షిణాన వంతెన ఉన్న ఒక నది, దాని అవతల పెద్ద మైదానం. ప్రతి ఆటలోనూ మణిదీప్ జట్టును ఆ మిల్లులో దింపి, కదలకుండా కూర్చోబెట్టేవాడు. జిల్లా పోటీలో ఆరు ఆటలాడితే, నాలుగుసార్లు జోన్ వచ్చి సరిగ్గా ఆ గుట్ట మీదే ముడుచుకుంది. మిగతా జట్లు ఎగశ్వాసతో గుట్టెక్కి వచ్చాయి, వీళ్లు మిల్లు కిటికీల్లోంచి పిట్టల్ని కొట్టినట్టు కొట్టారు. హైదరాబాద్‌లో జరిగే ఆఖరి పోటీకి ఎంపికయ్యారు.

వైద్య పరీక్షకు మొదటి పిలుపు కూడా ఆ జిల్లా పోటీ రోజుకే పడింది. మణిదీప్ వెళ్లలేదు. ఇంకో పిలుపు వస్తుందిలే అని ఓదెలు సరిపెట్టుకున్నాడు.

ఇక చూడాలి వాడి హోదా! టీ కొట్టు దగ్గర అందరూ "జోన్ మణి" అని పిలవసాగారు. "అన్నా, ఇయ్యాల జోన్ ఎటు?" అని అడిగితే, కళ్లు మూసుకుని, నొసలు రుద్దుకుని, "తూర్పుకు" అనేవాడు. నిజమైతే ఊరంతా చెప్పుకునేవారు. తప్పయితే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. అందరికంటే ముందు మరిచిపోయేవాడు వాడే.

నస్రీన్ మాత్రం మరిచిపోలేదు. ఒకరోజు కాగితం, పెన్ను తెచ్చి వాడి ముందు పెట్టింది.

"అన్నా, పది ఆటలాడుదం. ఆటకు ముందే జోన్ ఎక్కడ ముగుస్తదో నువ్వు రాయి. తర్వాత చూద్దం."

పది ఆటలు ఆడారు. మణిదీప్ రాసింది ఒక్కసారే నిజమైంది.

"జిల్లా పోటీల మనకు కలిసొచ్చిందంతే అన్నా. గుట్ట మీద కూసునుడు తప్ప మనకు వేరే ఆట రాదు. జోన్ దూరంగ పడితే మైదానం దాటుడు నేర్వాలె. పొగబాంబులు ఏసి, ఆ పొగల కనపడకుంట ఎట్ల ఉరకాల్నో నేను నేర్చుకుంటున్న. నువ్వూ రా" అంది నస్రీన్.

మణిదీప్‌కు ఒళ్లు మండింది. కాగితాన్ని నలిపి పారేశాడు.

"ఉత్త ఆటల్ల నేను మనసు పెట్టను. అసలు ఆటల చూడు నా తడాఖా. ఉరుకుడు తెలివి లేనోళ్ల పని" అన్నాడు.

నస్రీన్ రోజూ సాయంత్రం షాపు కట్టేశాక ఒక్కతే కూర్చుని, ఆ మైదానాన్ని వందసార్లు దాటింది. వందసార్లు చచ్చింది కూడా. ఎక్కడ చచ్చిందో చూసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

ఇంతలో వైద్య పరీక్షకు రెండో పిలుపు వచ్చింది. తేదీ చూస్తే అది హైదరాబాద్ పోటీ రోజే. ఓదెలు ఆయాసపడుతూ ఆఫీసుకు వెళ్లి, ఇంకో తేదీ ఇమ్మని బతిమాలాడు. ఇదే ఆఖరు, రాకపోతే ఫైలు మూసేస్తామన్నారు.

"బిడ్డా, ఈసారి పోరా. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ఓదెలు. కన్నతండ్రి అనవలసిన మాటా అది?

"గెలుస్తే పెద్ద టీమోళ్లు నెలనెలా జీతమిచ్చి తీసుకుంటరు నాయినా. బొగ్గు బాయిల దిగే ఖర్మ నాకేంది?" అన్నాడు మణిదీప్.

నస్రీన్ కూడా చెప్పి చూసింది. "నువ్వు పరీక్షకు పో అన్నా. మేం ముగ్గురం ఆడుతం. ఆట మల్ల ఉంటది."

"నేను లేకుంటే జోన్ ఎవలు చెప్తరు మీకు?" అని నవ్వి, వాడు హైదరాబాద్ బస్సెక్కాడు.

ఆఖరి పోటీలో పదహారు జట్లు, మూడు ఆటలు. మొదటి ఆటలో వీళ్లు గుట్ట మీద దిగారు. జోన్ దక్షిణాన, నది అవతల ముడుచుకుంది. వంతెన మీదే నలుగురూ చచ్చారు. రెండో ఆటలో పడమటికి పోయింది. గుట్ట దిగేలోపే చచ్చారు.

మూడో ఆట మొదట్లోనే నస్రీన్ అంది, "అన్నా, గుట్ట ఇడిసిపెడదం. ఇప్పుడే నడిమికి పోదం."

"కదలకు! ఇటే వస్తది. నాకు తెలుస్తది" అని అరిచాడు మణిదీప్.

జోన్ మళ్లీ నది అవతలే పడింది. మణిదీప్‌కూ, స్నేహితులిద్దరికీ ఎటు పరుగెత్తాలో తెలియలేదు. నది ఒడ్డునే రాలిపోయారు. నస్రీన్ మాత్రం పొగ వేసుకుంటూ, ఆగి చూసుకుంటూ, ఒక్కతే మైదానం దాటింది. చివరి ఐదుగురి దాకా నిలిచి అప్పుడు చచ్చింది. మూడు ఆటలూ కలిపితే జట్టుకు పదమూడో స్థానమే వచ్చింది. కానీ ఒక పెద్ద జట్టు మేనేజరు నస్రీన్ దగ్గరికి వచ్చి, తమ శిక్షణకు రమ్మని పిలిచాడు.

"థూ! ఇయ్యాల అదృష్టం బాగలేదు" అన్నాడు మణిదీప్.

"గెలిచిన రోజు అదృష్టం అనలేదు కద అన్నా" అంది నస్రీన్.

వాడు ఇంటికొచ్చేసరికి ఫైలు మూసేశారు. నెలలో క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. ఊరి చివర అద్దె గదిలో చేరి, "వచ్చే పోటీల జోన్ నా దిక్కే వస్తది" అంటూ మళ్లీ ఫోను పట్టుకున్నాడు. పూట గడవాలి కదా, ఓదెలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, కాంట్రాక్టరు కింద రైలు పెట్టెల్లో బొగ్గు నింపే చోట పనికి కుదిరాడు. వద్దని డాక్టర్లు చెప్పిన దుమ్మునే మళ్లీ పీల్చాడు.

నాలుగు నెలలు లాగాడు. వానాకాలం మొదట్లో పని దగ్గరే కుప్పకూలాడు. ఆస్పత్రి మంచం మీద, ముక్కుకు గొట్టాలతో ఉన్న తండ్రి పక్కన మణిదీప్ తలవంచుకుని కూర్చున్నాడు. ఓదెలు మెల్లగా కొడుకు చెయ్యి తడిమాడు.

"ఊకో బిడ్డా. నీ అదృష్టం బాగలేదు, నువ్వేం జేస్తవు" అన్నాడు.

ఆ మాట వినగానే మణిదీప్ భోరుమన్నాడు.

"అదృష్టం కాదు నాయినా. నన్ను రెండుసార్లు రమ్మన్నరు. నేనే పోలే. నస్రీన్ నేర్చుకొమ్మన్నది, నేనే నేర్వలే" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు నోటితో చెప్పిన మొదటి నిజం అది. ఓదెలు అప్పటికే మగతలోకి జారాడు. విన్నాడో లేదో మణిదీప్‌కు తెలియలేదు. మర్నాడు పొద్దున్నే ఓదెలు పోయాడు.

నీతి: కలిసొచ్చినదాన్ని తన నేర్పు అనుకున్నవాడు నేర్చుకోవడం మానేస్తాడు, కలిసిరాని రోజున తానొక్కడే మునగడు, తనను నమ్ముకున్నవాళ్లనూ ముంచుతాడు.