బీరువాలోని సర్టిఫికెట్లు

2018 ఆగస్టు, చీరాలలో వానలు పట్టుకున్న రోజులు. ఫిజియోథెరపీ పాఠాలు చెప్పి రిటైరైన దేవదానం మాస్టారి దగ్గరికి పాత శిష్యురాలు షాహీన్ వచ్చింది. ఎముకల ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేస్తూనే చదివి డాక్టరు సీటు తెచ్చుకుంది. అయినా ఆమె మొహంలో కళ లేదు.

"దరఖాస్తులో ఇంటర్ మార్కులే అడిగారు సార్. నా డిగ్రీ రాయడానికి కాలమ్ అన్నదే లేదు. నాలుగున్నరేళ్ల చదువు ఎక్కడా లెక్కలోకి రాదా?"

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం మాస్టారికి ఏనాడూ అలవాటు లేదు. గొడుగు తీసుకుని, "కోణం కొలిచే స్కేలు ఉందా? పద" అన్నారు.

మాస్టారింటి వెనకే ఉన్న నేతగాళ్ల వీధిలో ఏడుకొండలు ఇంటి ముందు ఆగేసరికి షాహీన్ ఒక అడుగు వెనక్కి వేసింది. జూన్‌లో అతనికి మోకాలిచిప్ప పగిలితే ఆమె ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. కట్టు ఇంకో ఆరు వారాలు తీయొద్దన్నారు ఆస్పత్రి యజమాని డాక్టరుగారు. ఆ వారమే వంచడం మొదలుపెట్టకపోతే మోకాలు బిగుసుకుపోతుందని షాహీన్‌కి తెలుసు. రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజున తీసుకున్న ఆమె అసలు సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయి. డాక్టరు సీటు కౌన్సెలింగ్‌కి అవి కావాలి. ఎదురు మాట్లాడిన నర్సొకామె తన కాగితాల కోసం ఏడాది తిరిగింది.

"కొలువు" అన్నారు మాస్టారు.

ఏడుకొండలు మోకాలు కొలిచింది. నూట ముప్పై దాకా వంగాల్సింది ముప్పై డిగ్రీలే వంగింది. ఎంత నొక్కినా అంతే.

"కూర్చో ఏడుకొండలూ, చూద్దాం."

ఏడుకొండలు గుంట మగ్గం అంచున కూర్చున్నాడు. ఎడమ కాలు గుంటలోని తొక్కుడు పలక మీదికి దిగింది. కుడి కాలు కర్రలా నిగిడి గుంట పైనే ఉండిపోయింది. "చీరలు చేతుల్తోనే నేస్తారనుకున్నారేమోనమ్మా మీ డాక్టరుగారు" అని నవ్వాడు.

అతని భార్య సుబ్బులు నవ్వలేదు. "నువ్వు రోజూ మంచం దగ్గరికి వచ్చేదానివి గదమ్మా. నీక్కూడా తెలియలేదా?"

"తెలుసక్కా" అంది షాహీన్.

సుబ్బులు లోపలికి వెళ్లి, అలవాటు కొద్దీ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి పెట్టింది. షాహీన్ గ్లాసు ముట్టుకోలేకపోయింది.

వీధిలోకి వచ్చాక అంది: "నా కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి సార్. నేను డాక్టరయ్యాక ఇలాంటివి జరగనివ్వను."

మాస్టారు గొడుగు ఆమె మీదికి జరిపి కొంత దూరం నడిచారు.

"దరఖాస్తులో కాలమ్ లేదన్నావు. ఆ ఇంట్లో ఉందమ్మా. అక్కడ నువ్వే ఖాళీగా వదిలేశావు."

షాహీన్ సర్టిఫికెట్లు తీసుకుని నెలాఖరున మెడికల్ కాలేజీలో చేరింది. ఏడుకొండలు మోకాలు మరి వంగలేదు. దసరా లోపల మగ్గం విప్పేసి, గుంట పూడ్చేశారు.