గాజు సముద్రానికి కాపలా

రాజుగారి కొలువుకూటంలో ఒక గాజు తొట్టి ఉండేది. నిలువెత్తు తొట్టి, నిండా సముద్రపు నీళ్లు. లోపల పగడాలు, పగడాల సందుల్లో నారింజరంగు చేపలు. రోజూ కొలువు మొదలయ్యే ముందు రాజు కాసేపు దాని ముందు కూర్చునేవాడు. ఆ కాసేపూ ఆయన్ని ఎవరూ పలకరించేవారు కారు.

తొట్టిని చూసుకునేది నూకరత్నం. జాలరిపేట మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త దగ్గర పెరిగింది. నీళ్లు మార్చడం, గాజు తుడవడం, చేపలకు మేత వేయడం ఆమె పని. ఏ చేపకు ఎప్పుడు ఆకలేస్తుందో, ఏ చేప దేనితో పోట్లాడుతుందో ఆమెకు తెలుసు.

ఒకనాడు సముద్రం నుంచి కొత్తగా తెచ్చి పెట్టిన రాయి మీద ఒక పువ్వు కనిపించింది. చిటికెన వేలి గోరంత. గోధుమరంగు కాడ, చుట్టూ దారాల్లాంటి రేకులు. ముచ్చటగా ఉందనుకుంది రత్నం. మూడో రోజుకి దాని పక్కనున్న పగడం ముడుచుకుపోయింది. నాలుగో రోజున ఒక చిన్న చేప ఆ రేకులకు తగిలి, గిలగిల్లాడి, వెల్లకిలా తేలింది.

రాజు కళ్లెదుటే జరిగిందది.

"ఏమిటది?"

"పువ్వనుకున్నాను ప్రభూ. పువ్వు కాదు, ప్రాణి. కుడుతోంది."

"కోసెయ్."

రత్నం కత్తితో రాయిని గీకి, పువ్వును తీసి పారేసింది. రాజు మెచ్చుకుని పట్టుచీర ఇప్పించాడు.

పది రోజుల తర్వాత ఒక ఉదయం తొట్టి మీది తెర తీసిన రత్నం ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నలభై పువ్వులు. కత్తి తగిలిన చోటల్లా, తుంపు రాలిన చోటల్లా ఒక్కొక్కటి. అన్నిటినీ కోసింది. నెల తిరిగేసరికి లెక్కపెట్టడానికి వీల్లేకుండా పోయింది. పగడాలు తెల్లబడ్డాయి. చేపలు నీటిపైకొచ్చి ఒక మూల గుంపుగా నిలబడ్డాయి.

దివాను వచ్చి చూశాడు. "నీ చేతిలో ఉన్నది కత్తా, విత్తనాల సంచా? పౌర్ణమిలోగా ఇది బాగుపడకపోతే, వీటిని చల్లింది నువ్వేనని ప్రభువులకు చెప్పాల్సి ఉంటుంది."

ఆ మాట వెనక ఏముందో రత్నానికి అర్థమైంది. కోటలో చెరసాల ఎక్కడుందో ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే జాలరిపేటకి పరుగెత్తింది. మేనత్త వయసులో ఉన్నప్పుడు శంఖాల కోసం సముద్రంలో మునిగేది. సంగతంతా విని నెత్తి కొట్టుకుంది.

"కోసీసావేటే? ఓలమ్మో! కోస్తే అది సావదే. ముక్కముక్కా ఇంకో పువ్వయిపోద్ది."

"మరి ఏం చెయ్యను అత్తా?"

మర్నాడు మేనత్త పడవేసుకుని వెళ్లింది. రెండో రోజు కొబ్బరిచిప్పలో నీళ్లతో తిరిగొచ్చింది. నీళ్లలో పన్నెండు నత్తలు. గుల్లల్లేవు. వీపు మీద తెల్లని కుచ్చులు.

"ఈటికి ఆ పువ్వొక్కటే కూడు. ఇంకోటి ముట్టవు. పువ్వులైపోయాక తెచ్చి సముద్రంలో వొదిలీ. మర్సిపోకు, ఆకలికి సచ్చిపోతాయి."

ఈ పురుగులతో ఏమవుతుందని దివాను నవ్వాడు. గడువు మాత్రం పెంచాడు. తొట్టిలో నత్తలు నెమ్మదిగా పాకాయి. ఎక్కడ పాకితే అక్కడ రాయి శుభ్రపడింది. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, అవీ తిన్నాయి. మూడు నెలలకి ఒక్క పువ్వు మిగల్లేదు. చేపలు మూల వదిలి తొట్టంతా తిరిగాయి. రాజు గాజుకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయాడు.

"ప్రభూ, నత్తల్ని సముద్రంలో వదిలి వస్తాను," అంది రత్నం. "ఇక్కడ వాటికింక తిండి లేదు."

రాజు తల ఊపబోయాడు. అంతలో దివాను మెల్లగా అన్నాడు, "మళ్లీ ఆ పువ్వు వస్తే?"

రాజు తల ఆగిపోయింది. గాజు మీంచి చెయ్యి తీసేశాడు.

"తిండి లేకపోతే పుట్టించండి," అన్నాడు.

రత్నానికి బోధపడలేదు. దివాను ఆమెను వెనక గదికి తీసుకెళ్లి ఖాళీ తొట్టి ఒకటి చూపించాడు. ఇందులో పువ్వులు పెంచాలి. వాటితో నత్తల్ని మేపాలి.

"పువ్వుల్ని పెంచాలా? నేనా?"

"నీకు చేతనైన పనేగా. కోస్తే చాలు."

కొత్త రాయి వచ్చింది, దాని మీద ఒక పువ్వు. దివాను కత్తి అందించాడు. రత్నం కోసింది.

వెనక గదిలో తొట్లు రెండయ్యాయి, అయిదయ్యాయి. నత్తలు పెరిగేకొద్దీ మరిన్ని పువ్వులు కావలసి వచ్చాయి. పువ్వులు పెరిగేందుకు, చేపల మేతకి తెచ్చే మంచి రొయ్య అంతా వాటికే వెళ్లింది. చేపల మేత సగమైంది, తర్వాత పూట విడిచి పూట అయింది. రత్నం తన అన్నంలోని చేపముక్క దాచి, కొలువుకూటం తొట్టిలో చిదిమి వేసేది. అయినా రోజుకొక చేప చచ్చి తేలేది.

ఒక ఉదయం నలుగురు పనివాళ్లు కొలువుకూటంలోని పెద్దతొట్టి నీళ్లు తోడుతూ కనిపించారు.

"నత్తలకి చోటు చాలడం లేదు," అన్నాడు దివాను.

"చేపలో బాబూ?"

"చేపల సంగతి తర్వాత. ముందు కాపలా ముఖ్యం."

"కాపలా దేనికి?"

దివాను ఆమె వైపు వింతగా చూశాడు. ఆమె రాజు దగ్గరికి పరుగెత్తింది. రాజు వెనక గదిలో, నత్తల తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ప్రభూ, చేపలు..."

"చూశావా రత్నం, ఎన్నయ్యాయో! ఇక మనకేం భయం లేదు."

ఆయన నిజంగా సంతోషంగా ఉన్నాడు. అది చూశాక రత్నం వెనుదిరిగి పెద్దతొట్టి దగ్గరికి వెళ్లింది.

మిగిలినవి ఆరు చేపలు. వాటిని కుండలోకి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా కోట దాటింది. ఒడ్డున మోకాలి లోతు నీళ్లలోకి దిగి కుండ వంచింది. ఆరూ అలలోకి జారిపోయాయి. ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది.

వెనక దండోరా వినిపించింది. గోధుమరంగు పువ్వు ముప్పు ఇంకా తీరలేదనీ, అది ఇళ్లలోనూ మొలవొచ్చనీ, కాపలా నత్తల కోసం ఇంటికొక కుండ సముద్రపు నీళ్లు రోజూ కోటకు మోయాలనీ చాటింపు. జాలరిపేట నుంచి జనం బయల్దేరారు. ఎవరూ సణగడం లేదు. ఒకరినొకరు తొందరపెట్టుకుంటున్నారు.

ఆ వరసలో మేనత్త ఉంది. బిందె నింపుకుంటోంది.

"అత్తా! నువ్వా? ఆ నత్తల్ని తెచ్చింది నువ్వే. వదిలెయ్యమన్నదీ నువ్వే!"

"అవునే, అన్నాను."

"ఆ పువ్వు ఉప్పునీళ్లలో తప్ప బతకదు. మన ఇళ్లలో ఎక్కడ మొలుస్తుంది అత్తా?"

మేనత్త బిందె నెత్తికెత్తుకుంది. అరవయ్యేళ్లు సముద్రంతో బతికిన మనిషి. కళ్లలో మునుపెన్నడూ లేని బెదురు.

"మొలవదని నాకూ తెలుసే. కానీ మొలిస్తేనో?" అంటూ, నీళ్లు ఒలికిపోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ కోట దారి పట్టింది.