ముత్యాలసరానికి ఎన్ని గళ్ళు

తెనాలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే శరభయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఎందుకని అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని అప్పజెప్పేవారు.

కొత్తగా చేరిన యామినికి ఆయన ఇచ్చిన మొదటి అభ్యాసం, మాటల్ని దాచుకుని, కొలిచి, ముక్కలు చేసే 'స్ట్రింగ్ క్లాసు' అనే చిన్న ప్రోగ్రాం భాగాన్ని సొంతంగా రాయడం. ఆమెకది వృథా శ్రమ అనిపించింది. "స్ట్రింగ్ క్లాసు సిద్ధంగా దొరుకుతోంది కదండీ, మళ్ళీ మనం రాయడం ఎందుకు?" అని అడిగేసింది.

మాస్టారు ఆ అభ్యాసం పక్కన పెట్టమన్నారు. ఊళ్ళో వారపత్రిక నడిపే ఉమాకాంతం గారు, గళ్ళనుడికట్టు జవాబుల్ని గళ్ళలో నింపే ప్రోగ్రాం కావాలంటున్నారనీ, సిద్ధంగా ఉన్న క్లాసుతోనే చేసిపెట్టమనీ చెప్పారు. యామిని ఉత్సాహంగా కూర్చుంది. మధ్యాహ్నానికల్లా పని ముగించింది.

సాయంత్రం ఉమాకాంతం గారు వచ్చి 'ముత్యాలసరం' అని కొట్టారు. ఐదు గళ్ళలో ఒదగాల్సిన మాట పది గళ్ళు ఆక్రమించింది. మొదటి గడిలో 'మ' ఉంటే దాని కొమ్ము రెండో గడిలో పడింది. 'త్యా' నాలుగు ముక్కలైంది. సున్న ఒక్కటే చివర ఒంటరిగా కూర్చుంది. ఆయన కోప్పడలేదు. పత్రిక రేపే అచ్చుకు వెళ్ళాలని చెప్పి, "ఈ వారానికి చేత్తోనే గీసుకుంటాలేమ్మా" అంటూ లేచారు.

ఆ మెత్తటి మాట యామినికి గుచ్చుకుంది. కాసేపు ఆగమని బతిమాలి మళ్ళీ కూర్చుంది. కొమ్మునూ దీర్ఘాన్నీ యంత్రం విడివిడిగా లెక్కపెడుతోందని కనిపెట్టాక చిన్నబోయిన సంగతే మరిచిపోయింది. మాటను పైకి పలుకుతూ, బల్ల మీద వేలితో తడుతూ, తాను ఎక్కడెక్కడ ఆగుతోందో చూసుకుంది. గుణింతం గుర్తు తన అక్షరాన్ని వదలకుండా, ఒత్తు విడిపోకుండా పట్టుకునే క్లాసు ఒకటి సొంతంగా రాసింది. ముత్యాలసరం ఐదు గళ్ళలో కుదురుగా కూర్చుంది. ఉమాకాంతం గారు కళ్ళజోడు సర్దుకుని, ఆ వారం జవాబులన్నీ తనే ఒక్కొక్కటిగా కొట్టసాగారు.

'టికెట్' దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చివరి 'ట్' వినబడుతోంది గానీ తన కాళ్ళ మీద తాను నిలబడటం లేదు. దానికి విడిగా గడి ఇవ్వాలా, 'కె' గడిలోనే ఇరికించాలా? యామినికి ఎటూ తేలక, పక్కనే ఉన్న మాస్టారిని అడిగింది.

మాస్టారు తెర వైపు వంగి చూశారు.

"క్లాసు నీది కదమ్మా" అన్నారు. "నువ్వే చెప్పాలి."