మేత మార్చిన చెరువు

మా గురువుగారు పేరయ్యగారికి ఒక దురలవాటుంది. దురలవాటనే అంటాను, ఆయన వింటే విననీ. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పరు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఎత్తుకుంటారు, మనకు ఊపిరాడకుండా ఉన్న చోట ఆపేస్తారు, "అంటే ఏమిటండీ?" అని అడిగామా, "మజ్జిగ తాగి వెళ్లండి" అంటారు. ఆయన సన్న్యాసి కాదు, పిల్లాపాపలతో కాపురం చేసిన మనిషి. కొల్లేటి గట్టున చాలాకాలం చేపల చెరువులు చేసి, వాటిని కొడుకుల చేతుల్లో పెట్టి, ఇప్పుడు సాయంత్రాలు వసారాలో బల్లమీద కూర్చుని వచ్చినవాళ్లతో తత్త్వం మాట్లాడతారు. అందుకే ఆయన తత్త్వానికి ఎప్పుడూ కాస్త నీచువాసన.

చక్రధరం ఆయన దగ్గరికి ఒక ప్రశ్నతో వచ్చింది పుష్యమాసంలో. ఐసు ఫ్యాక్టరీ ఉన్నవాడు. బజార్లో చూస్తే ఇంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడనిపిస్తాడు. ఇంట్లో మాత్రం తాగొచ్చి భార్యమీద చెయ్యి చేసుకునేవాడు. ఊరందరికీ తెలుసు, ఊరు ఎప్పుడు నోరు మెదిపింది గనక. కిందటి వానాకాలంలో అతని భార్య మంగతాయారు కూతుర్ని చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తరవాతే ఇతనికి గురువూ దేవుడూ గుర్తొచ్చారు.

"గురువుగారూ, దసరాకి మీ దగ్గర ఉపదేశం తీసుకున్నాను. ఆ పూటనుంచి చుక్క ముట్టలేదు, చెయ్యెత్తలేదు," అన్నాడు. (ఎత్తడానికి ఇంట్లో ఎవరున్నారయ్యా అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.) "మొన్న పాపను చూద్దామని మా అత్తవారింటికి వెళ్లాను. కూర్చుందామని కుర్చీ లాగానండీ, అంతే. ఆ చప్పుడికే అది వణికిపోయి వాళ్లమ్మ వెనక్కి దూరింది. మారిన మనిషిని కదా నేను, మరి అదెందుకు వణకాలి?"

గురువుగారు గ్లాసులో మంచినీళ్లు రెండు గుక్కలు తాగి బల్లమీద పెట్టారు.

"మీరొక్క కబురు పంపండి. మారాడమ్మా, వచ్చెయ్ అని మీరంటే మంగతాయారు కాదనదు. మిమ్మల్ని కన్నతండ్రిలా చూస్తుంది."

అది నిజమే. ఆయన రమ్మంటే ఆవిడ మర్నాడే పిల్లతో సహా బస్సు దిగుతుంది. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. నాకైతే గుండెల్లో రాయి పడింది. ఈయన మెత్తటి మనిషి, ఎక్కడ సరేనంటారో అని.

గురువుగారు ఉత్తరీయం భుజాలమీదికి లాక్కున్నారు. "మా చెరువుల అవతల ఏడుకొండలని ఒకతను ఉండేవాడు," అని మొదలుపెట్టారు. చక్రధరం మొహం చిన్నబోయింది. ఇక చేసేదేముంది, విన్నాం.

ఏడుకొండలు పంగస్ చేపలు పెంచేవాడట. మేతలో చేపనూనె కలపాలి. అతను అది మానేసి, పశువుల కొవ్వు కరిగించి డబ్బాల్లో అమ్ముతారే, దాన్ని తెచ్చి కలిపేవాడు. చేపలు ఇట్టే ఒళ్లు చేసేవి. చూస్తే నిగనిగ, పట్టుకుంటే చేతినిండా. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అయితే ఇంట్లో తినే చేపలకు గట్టుపక్కనే వేరే చిన్న గుంట ఉండేది. అందులో మేతకు మాత్రం అసలైన చేపనూనె. ఇలాంటి రెండు చెరువులవాళ్లు ఆ రోజుల్లో ఇంకా చాలామంది ఉండేవారని గురువుగారు చెప్పి, ఇప్పుడు లేరని మాత్రం అనలేదు.

ఒక ఏడు కార్తీకం వెళ్లగానే ఊళ్లో పెళ్లికి అతని చేపలే వండారు. మర్నాడు పొద్దున్న మిగిలిన పులుసు వడ్డిద్దామని మూత తీస్తే, పైన తెల్లగా అట్టకట్టి ఉంది. గరిటె దిగలేదు. పెళ్లివారు ముక్కు మూసుకున్నారు. ఆ పూటనుంచి ఊళ్లో అతని పేరు కొవ్వొత్తుల ఏడుకొండలైపోయింది. గట్టుమీద పోతుంటే "ఏమోయ్, కరెంటు పోయింది, రెండు చేపలు వెలిగించు" అనేవారట. మనవాళ్ల నోళ్లు తెలుసుగా.

అవమానం అతన్ని నిజంగానే కాల్చింది. కొవ్వు డబ్బాలన్నీ గట్టవతల పారబోశాడు. పెద్ద చెరువుకు కూడా చేపనూనె తెప్పించాడు. దొంగవేషం కాదు, నిజంగా మార్చాడు. గురువుగారు ఈ మాట రెండుసార్లు అన్నారు. ఆ ఊపులోనే, వచ్చే అమ్మవారి జాతరకి ఊరందరికీ తన చెరువు చేపే పెడతానని పదిమందిలో మాటిచ్చేశాడు. పోయిన పేరు మళ్లీ రావాలి, అదీ ఆ జాతర రోజే రావాలి. అతని పట్టుదలంతా దానిమీదే.

చేపనూనె మొదలుపెట్టి కొన్ని వారాలయ్యాక, చెరువులోంచి ఒక చేపను తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆవిడ పేరు సామ్రాజ్యమ్మ. "అమ్మా, దీన్ని వండి చూడవే. బాగుపడిందో లేదో నువ్వు చెప్తేనే నాకు నమ్మకం," అన్నాడు. ఆవిడ నూనె చుక్కయినా వెయ్యకుండా ఉత్త చింతపండు పులుసులో ఉడికించి, చట్టిమీద మూత పెట్టేసింది. రుచి చూడమంటే, రేపు చూద్దాంలే అంది. తెల్లారాక మంచులో కొడుకుని పిలిచి మూత తీసింది. అట్ట కాస్త పల్చబడింది. కానీ ఉంది.

"మేత మార్చి ఇన్నాళ్లయింది కదమ్మా!"

"నువ్వు పోసిన నూనే దాని ఒంట్లో కొవ్వు నాన్నా. ఏడాది పొడుగునా పట్టింది నెల్లాళ్లలో పోతుందా? కొత్తది పట్టాలి, పాతది కరగాలి. ఈ చలికాలం వాటి జోలికి పోకు. బోరు నీళ్లు వెచ్చగా ఉంటాయి, అవి పెట్టు, మేత వెయ్యి, కదపకుండా ఉంచు. చట్టిలో అట్టకట్టినట్టే చలికి వాటి ఒంట్లోనూ బిగుస్తుంది, ఇప్పుడు మాత్రం వల దించకు."

"జాతరకి మాటిచ్చానే!"

"నువ్విచ్చావు. చేపలిచ్చాయా?"

అతనికి కోపం వచ్చింది. నేనింత మారితే, కన్నతల్లివి నువ్వే నమ్మకపోతే ఎలాగని కేకలేశాడు. జాతర ముందు, చలి కొరికేస్తున్న పొద్దున, మనుషుల్ని పెట్టి వల లాగించాడు. చేపల్ని ప్రాణాలతో ఊరి పక్క గుంటలోకి మార్చాలని అతని ఆలోచన. వల దగ్గరికొచ్చేసరికే అవి బిగుసుకుపోతున్నాయి. నీళ్లలో వదిలితే ఈదలేదు. పక్కకి ఒరిగిపోయి నోళ్లు తెరిచాయి. చూస్తుండగానే గుంట నీళ్లు కనబడకుండా తెల్లటి పొట్టలు పరుచుకున్నాయి. ఇంటి గుంటలో చేపల్ని కూడా ఆ పొద్దునే పట్టారు. అదే చలి, అదే వల. అవి మాత్రం బుట్టలోంచి ఎగిరి గడ్డిలో పడ్డాయి.

జాతరకొచ్చిన చుట్టాలు కూడా గట్టెక్కి చూశారట. ఆ రోజు ఎవరూ కొవ్వొత్తుల మాట ఎత్తలేదు. ఏడుకొండలు మోకాలిలోతు నీళ్లలో నిలబడి, ఒక్కో చేపనే ఎత్తి నీళ్లలో అటూ ఇటూ ఆడించి వదులుతున్నాడు. ఒక్కటీ తేరుకోలేదు. "మేత మార్చానమ్మా! అమ్మవారి తోడు, నిజంగా మార్చానే!" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

సామ్రాజ్యమ్మ గట్టుమీంచి, "మార్చావు నాన్నా. నువ్వు మార్చావు," అంది.

గురువుగారు అక్కడ ఆపేశారు. ఆయన సంగతి తెలిసినవాణ్ని గనక నేను మజ్జిగ కోసం చూస్తున్నాను. నిజానికి మజ్జిగ మీద ధ్యాస లేదు, చక్రధరం మొహం చూడలేక అటు తిరిగాను. ఆ చెరువు నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

"అంటే ఏమిటి మీరనేది?" చక్రధరం గొంతు మారింది. "నేను కొవ్వు మేపినవాణ్ననా? చేపకీ మనిషికీ తేడా లేదా? దసరానుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని బతుకుతుంటే, అడిగింది ఒక్క కబురు! దానికి కూడా..." అంటూ అరచేత్తో బల్లను చరిచాడు.

మంచినీళ్ల గ్లాసు ఎగిరి కిందపడి, దొర్లుకుంటూ వెళ్లి గడప దగ్గర ఆగింది.

నేను వయసు మళ్లినవాణ్ని, ఎవరి చేతా దెబ్బ తినాల్సిన అవసరం లేనివాణ్ని. అయినా నా భుజాలు వాటంతటవే చెవులదాకా లేచాయి. చెయ్యి మొహానికి అడ్డం వచ్చింది. అది దింపుకోవడానికి నాకు కాసేపు పట్టింది, సిగ్గేసింది కూడా. చక్రధరం నన్ను చూశాడు. తన అరచెయ్యి చూసుకున్నాడు. ఎర్రగా ఉంది. గురువుగారు మాత్రం మా ఇద్దరినీ చూడటంలేదు, గడప దగ్గర గ్లాసునే చూస్తున్నారు.

లోపల్నుంచి గురువుగారి భార్య ఏమిటా చప్పుడని అడిగింది. చక్రధరం లేచి వెళ్లి గ్లాసు తీశాడు, అంచు సొట్టపోయిందేమోనని వేలితో తడిమాడు, చప్పుడు కాకుండా బల్లమీద పెట్టాడు. మళ్లీ కూర్చోలేదు. కబురు మాట ఎత్తలేదు. అతనంటే నాకు పడదు. కానీ ఆ పూట అతను నిలబడ్డ తీరు చూస్తే ఏడుకొండలే గుర్తొచ్చాడు. నీళ్లలో నిలబడినవాడు కూడా ఇలాగే ఉండుంటాడు.

"ఎన్నాళ్లాగమంటారు గురువుగారూ?" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

గురువుగారు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"నన్నడుగుతావేం నాయనా? కుర్చీ చప్పుడికి వణికింది నేనా? చలి నాకు కాదుగా."