ముంత కింద జవాబు

ఊఁ కొడుతూ వినండర్రా! అనగనగా ఒక రాజుగారు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు రాజకుమారి చంపకవల్లిని చెరపట్టాడు. ఆమెను విడిపించబోయిన పెద్దవాళ్ళిద్దరూ వాడి ప్రశ్నలకు జవాబు చెప్పలేక రాతిబొమ్మలైపోయారు. కడగొట్టువాడు మణికేతుడు ఊరుకుంటాడా? పెద్దన్న వీరకేతుడంటే వాడికి ప్రాణం. చింతగింజలతో లెక్కలు నేర్పింది ఆయనే మరి!

ఒక ముసలి తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"నాయనా, తెలియనిది ముంత కింద ఉందనుకో. కరాళుడు చెప్పిందంతా త్రాసులో పెట్టు, రెండు తట్టలూ సమంగా తూగాలి. జవాబొచ్చాక ప్రశ్నలో పెట్టి సరిచూసుకో. మరిచేవు సుమా!"

"అలాగే తాతా!"

కరాళుడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. సరైన జవాబు చెబితేనే పంజరం తెరుచుకుంటుంది. అసలు చెప్పలేకపోతే వచ్చినవాడే రాయవుతాడు, జవాబు తప్పితే అక్కడున్న ఒక రాతిబొమ్మ ఇసుకైపోతుంది.

"నా తోటలో జామ, దానిమ్మ కలిపి ఇరవై చెట్లు. జామచెట్లు దానిమ్మలకు మూడింతలు. దానిమ్మలెన్నిరా?" అన్నాడు కరాళుడు.

మణికేతుడు తొందరలో, వెంట తెచ్చుకున్న ముంతల్లో దానిమ్మకు మూడు, జామకు ఒకటి బోర్లించాడు. నాలుగు ముంతలకి ఇరవై, ముంతకి అయిదు.

"పదిహేను!"

వీరకేతుడి బొమ్మ జలజలా రాలిపోయింది.

అయ్యో, సరిచూసుకోలేదర్రా! దానిమ్మలే పదిహేనైతే జామలు నలభై అయిదు కావాలి. తోటలో ఉన్నవన్నీ ఇరవయ్యే! మూడు ముంతలు జామకు పెట్టాల్సింది. మణికేతుడు ఆ ఇసుకలో కూలబడి గుండెలవిసేలా ఏడ్చాడు.

"ఏడుపు చాలు. చిలక వయసు రెట్టింపుకి మూడు కలిపితే పదిహేను. వయసెంత?"

ఈసారి ఒక తట్టలో రెండు ముంతలు, మూడు చింతగింజలు. రెండో తట్టలో పదిహేను గింజలు. రెండు వైపులా మూడేసి తీసేశాడు. రెండు ముంతలకి పన్నెండు మిగిలాయి, ముంతకి ఆరు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాడు. ఆరూ ఆరూ పన్నెండు, మూడు కలిపితే పదిహేను. సరిపోయింది.

"ఆరేళ్ళు!"

పంజరం తెరుచుకుంది. చిలక గొంతు నులమగానే కరాళుడు నేలకొరిగాడు. నడిపన్నకు ప్రాణం వచ్చింది. ఇసుక మాత్రం ఇసుకగానే ఉండిపోయింది.

చంపకవల్లితో పెళ్ళయింది, పట్టాభిషేకమూ అయింది. మణికేతుడు చాలాకాలం చల్లగా ఏలాడు. కొలువులో ఏ తగువు తీర్చినా తీర్పు చెప్పేముందు ఒకసారి ఆగేవాడు. సింహాసనం పక్కన ఒక ముంతలో దాచుకున్న ఇసుక మీద చెయ్యి పెట్టి మెల్లగా అనేవాడు.

"సరిచూశానన్నయ్యా."