రంగులు నూరేవాడు వేసిన బొమ్మ

ఒక రాజుగారి కొలువులో ఒక చిత్రకారుడు ఉండేవాడు. ఆయనకు రంగులు నూరిపెట్టే స్నేహితుడు ఒకడుండేవాడు. ఇరవై ఏళ్ళుగా చిత్రకారుడు కిటికీ వైపు తిరిగి నిలబడి బొమ్మలు వేస్తుంటే, స్నేహితుడు ఆయన వెనక కూర్చుని రంగులు నూరుతూ కబుర్లు చెప్పేవాడు.

చిత్రకారుడికి అరవై నిండాయి. సభలో ఆయన బొమ్మ కూడా ఉండాలని రాజుగారు సెలవిచ్చారు. చిత్రకారుడు తన బొమ్మ తానే మూడుసార్లు వేసుకున్నాడు. మూడూ రాజుగారిలాగే వచ్చాయి. కొలువులో ఎవరి బొమ్మ వేసినా రాజుగారి ముక్కే పెట్టడం ఆయనకు అలవాటు. ఇదేమిటని అడిగినవాడు ఇంతవరకు లేడు. రాజుగారు మూడింటినీ మెచ్చుకుని, తనవే అనుకుని, పడకగదిలో తగిలించుకున్నారు.

ఇక ఆ పని స్నేహితుడి మీద పడింది. తనకు గీయడం వచ్చినదల్లా సున్నా ఒక్కటేనని, అదీ ఒక్కోసారి కలవదని అతను మొత్తుకున్నాడు.

"ఎలాగైనా వెయ్యి. కానీ నలుగురూ నవ్వారా, ఇక నా గుమ్మం ఎక్కకు" అన్నాడు చిత్రకారుడు.

స్నేహితుడికి ఎక్కడానికి ఇంకో గుమ్మం లేదు. పది రోజులు తలుపు వేసుకుని తనకు తెలిసిందే వేశాడు.

పదకొండో రోజు సభలో తెర తీశారు. బొమ్మలో ఉన్నది ఒక వీపు. నడినెత్తిన అరచేయంత బట్టతల, చెవి మీద ఒక కుంచె, పంచెకు రెండు పక్కలా కుంచెలు తుడిచిన మరకలు. సభ గొల్లున నవ్వింది. ఇంతగా పోలిన బొమ్మ ఈ కోటలో ఇదే మొదటిదని వంటవాడు తలుపు సందులోంచి అన్నాడు. తర్వాత అతన్ని మందలించారట.

స్నేహితుడు తల ఎత్తలేదు. చిత్రకారుడు దగ్గరికెళ్ళి బొమ్మను తేరిపార చూశాడు.

"ఎవరీయన?"

నవ్వులు ఆగిపోయాయి. తన వీపు తాను చూసుకున్నవాడు ఆ సభలో ఎవడూ లేడు. ఈ కథ చెప్పేవాడూ చూసుకోలేదు.

"పాపం, ఎప్పటినుంచి నిలబడ్డాడో. వెనక్కి తిరిగే తీరికే ఉన్నట్టు లేదు. మంచినీళ్ళిచ్చే దిక్కైనా ఉందా ఈయనకు?" అన్నాడు చిత్రకారుడు.

"రోజూ పెడతానురా" అన్నాడు స్నేహితుడు. "నువ్వు అందులో కుంచె కడుగుతావు."

చిత్రకారుడు మెల్లగా నడినెత్తి తడుముకున్నాడు. ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు స్నేహితుడు వీధి మొదలు దాకా వచ్చి రెండుసార్లు వెనుదిరిగాడు. మూడోసారి గుమ్మం దాకా వచ్చాడు. తలుపు తీసే ఉంది. చిత్రకారుడు కిటికీకి వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"రా. ఇవాళ ముఖం వెయ్యి."

స్నేహితుడు ఎదురుగా కూర్చున్నాడు. కుంచె తీశాడు, చూశాడు, కింద పెట్టాడు. చిత్రకారుడి ఎడమ కంటి కింద శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. అది ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

"కాస్త ఆగరా" అన్నాడు. "ముందు పరిచయం కానివ్వు."